టోపీ ఎవరికివ్వాలి?

మా రాజుపాలెం పక్క ఊరి మ్యాచుల్లో అంపైరంటే నడిచే దండెం. ఓవరు మొదలుకాక ముందే బౌలరు వచ్చి టోపీ చేతిలో పెడతాడు. దాని వెనకే చలువ కళ్ళద్దాలు, చేతి గడియారం, సెల్‌ఫోను, బండి తాళంచెవి. సంక్రాంతి పొద్దుల్లో అయితే స్వెట్టరు కూడా వస్తుంది, నడుముకు చుట్టుకోవాల్సిందే. ఇన్ని మోస్తూ బంతులు లెక్కపెట్టాలి, బౌలరు కాలు గీత దాటిందో లేదో చూడాలి, రనౌట్ దగ్గర గొడవైతే మధ్యలో నిలబడాలి. టెన్నిస్ బంతి ఆటలో ఎల్బీ లేకపోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన ఊరట.

2020 మే 22న అంతర్జాతీయ క్రికెట్ మండలి, అంటే ఐసీసీ, ఆటను మళ్ళీ మొదలుపెట్టడానికి కొన్ని మార్గదర్శకాలు విడుదల చేసింది. టోపీలు, తువ్వాళ్ళు, కళ్ళద్దాలు, స్వెట్టర్లు అంపైరుకు గానీ తోటి ఆటగాళ్ళకు గానీ ఇవ్వరాదని అందులో ఉంది. బంతిని పట్టుకోవాల్సి వస్తే అంపైర్లు చేతి తొడుగులు వేసుకోవచ్చని కూడా ఉంది. ఆ వార్త చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ప్రపంచమంతా మూతబడి ఉన్న వేళ పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడింది టోపీ గురించా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అది సరైన చోటే మొదలైందని తెలిసింది. మైదానంలో అందరి వస్తువులూ, అందరి అరుపులూ, అందరి శ్వాసలూ చేరేది ఒకే మనిషి దగ్గరికి. ఆయన జట్టు మనిషి కాడు, ప్రేక్షకుడూ కాడు. కోవిడ్ మహమ్మారి రోజుల్లో ఆయన కోసం ఎవరు ఏమేం రాశారు, అందులో ఎంత పనికొచ్చింది, ఎంత పైపూతగా మిగిలింది అన్నది ఈ వ్యాసం సంగతి.

క్రికెట్ కంటే ముందు బేస్‌బాల్ దగ్గరికి వెళ్ళాలి. మన దగ్గర బేస్‌బాల్ అంటే స్కూల్ గేమ్స్‌లో ఆడే ఆట. పీఈటీ సార్లే అంపైర్లు, వేసవి శిక్షణ శిబిరంలో నేర్చుకున్నదే వాళ్ళకున్న నియమావళి. అయినా ఈ ప్రశ్న అన్నిటికంటే పదునుగా కనిపించేది ఆ ఆటలోనే. క్రికెట్‌లో బౌలరు వైపు అంపైరు వికెట్ల వెనక కొంచెం దూరంగా నిలబడతాడు, రెండో అంపైరు లెగ్ వైపు ఇంకా దూరంగా ఉంటాడు. పిచ్ పొడవే 22 గజాలు. బేస్‌బాల్‌లో ప్రధాన అంపైరు నిలబడేది క్యాచర్ వీపు మీదికి వంగి. బంతి విసిరేవాడు 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటే ఉండొచ్చు, క్యాచరూ బ్యాటరూ మాత్రం చేయి చాపితే తగిలేంత దగ్గర. ముగ్గురూ ఒకే గాలి పీలుస్తూ మూడు గంటలు గడుపుతారు. దానికి తోడు ప్రతి బంతికీ అంపైరు గొంతెత్తి తీర్పు చెప్పాలి.

ఆ గొంతుకే పేరు తెచ్చుకున్న ఒకాయన కథతో ఈ చర్చ వందేళ్ళ వెనక్కి పోతుంది. అమెరికన్ లీగ్‌లో 1902 నుంచి అంపైరుగా ఉన్న సిల్క్ ఓ లాఫ్లిన్, స్టేడియం చివరి వరసకు వినబడేలా తీర్పు చెప్పేవాడని ప్రసిద్ధి. 1918 డిసెంబరు 20న బోస్టన్‌లో ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయాడు. మైదానంలో అంటించుకున్నాడని చెప్పలేం, సీజను అప్పటికే ముగిసింది. అదే ఫ్లూ మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ మరుసటి నెల, 1919 జనవరిలో, కాలిఫోర్నియాలోని పాసడీనాలో తీసిన ఒక ఫొటో ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. బ్యాటరు, క్యాచరు, వెనక అంపైరు, ఆ వెనక జనం, అందరి మూతులకూ గుడ్డలు. 2020లో మనం కొత్తగా కనిపెట్టామనుకున్నది తాతల కాలం నాటి సంగతే. తేడా ఒక్కటే. 1919లో ఆ గుడ్డ ఊరందరికీ వేసిన కట్టడి. అంపైరుకు విడిగా ఒక నియమం ఉండాలన్న ఆలోచన అప్పటికి పుట్టలేదు.

2020లో ఆ ఆలోచన తైవాన్‌లో, కొరియాలో ముందు కనిపించింది. తైవాన్ వృత్తి బేస్‌బాల్ ఏప్రిల్ 12న ఖాళీ స్టేడియంలో మొదలైంది. కొరియా లీగ్ మే 5న మొదలైంది. అక్కడ అంపైర్లకు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆటగాళ్ళు చేతులు కలపకూడదు, ఉమ్మకూడదు. చూడటానికి చిన్న నియమాలు. కానీ ఆ రెండు దేశాల్లో నియమాల కంటే ముందు వ్యాధి అదుపులోకి వచ్చింది. పరీక్షలు, రోగుల జాడ పట్టుకుని వెతకడాలు ఊరంతటా జరిగాక మైదానానికి మాస్కు చాలింది. ఊళ్ళో నీళ్ళు శుభ్రంగా ఉంటే ఇంట్లో వడపోసుకోవడం తేలికైనట్టు.

అమెరికా దీనికి తిరగేసిన కథ. బయట వ్యాధి ఉధృతంగా ఉండగా మైదానం లోపల వంద పేజీలు దాటిన నియమావళితో జూలై చివర్లో 60 మ్యాచుల కుదించిన సీజను మొదలుపెట్టారు. ఆ పుస్తకంలో లేనిది లేదు. ఉమ్మడం, పొగాకు నమలడం, పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఉమ్మేయడం నిషేధం. వేళ్ళు నాలుకకు తాకించే అలవాటున్న పిచర్లు వెనక జేబులో తడిగుడ్డ పెట్టుకోవచ్చు. జట్ల జాబితా కాగితం అంపైరు చేతికి ఇచ్చే ఆచారం ఎత్తేసి ఫోను ద్వారా పంపమన్నారు. వీటన్నిట్లో నాకు బాగా నచ్చిన నియమం వేరే ఉంది. వాదనకు వచ్చేవాడు అంపైరుకు 6 అడుగుల దూరంలో ఆగాలి, దాటితే బయటికి పంపుతారు, జరిమానా కూడా పడొచ్చు. బేస్‌బాల్‌లో మేనేజరు అంపైరు ముక్కుకు ముక్కు ఆనించి, తుంపర్లు పడేలా అరవడం నాటకంలో ఒక అంకం లాంటిది. జనం దానికోసమే ఎదురు చూస్తారు. అంపైరు మీద ఉమ్ము పడటం తప్పని ఆ ఆట ఒప్పుకోవడానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది.

పుస్తకం గట్టిదే, కాపలా అంత గట్టిది కాదు. సీజను మొదలైన వారంలోనే మయామీ మార్లిన్స్ జట్టులో వ్యాధి గుప్పుమంది, మ్యాచులు వాయిదా పడ్డాయి. అక్కడ శాశ్వత అంపైర్లు 76 మంది. వాళ్ళలో పదిమందికి పైగా ఆ ఏడాది మేం రామని తప్పుకున్నారు. అందరికంటే పెద్దవాడైన జో వెస్ట్ మాత్రం 67 ఏళ్ళ వయసులో వస్తానన్నాడు, వచ్చాడు. రానన్నవాళ్ళదీ వస్తానన్నవాడిదీ తప్పనను. రానని చెప్పే హక్కు కాగితం మీద ఉండటమే అసలు రక్షణ అని మాత్రం అంటాను. ఆ హక్కు వెనక వాళ్ళ సంఘం ఉంది, ఏళ్ళ తరబడి చేసుకున్న ఒప్పందాలున్నాయి. వంద పేజీల పుస్తకంలో మిగతాదంతా దీని తర్వాతే.

ఇక క్రికెట్. అనిల్ కుంబ్లే అధ్యక్షుడిగా ఉన్న క్రికెట్ కమిటీ మే 18న సిఫారసు చేసింది, జూన్ 9న ఐసీసీ ఒప్పుకుంది: బంతికి ఉమ్ము రాయకూడదు, చెమట రాసుకోవచ్చు. మరిచిపోయి రాస్తే ఇన్నింగ్స్‌కు రెండుసార్లు హెచ్చరిక, ఆ తర్వాత 5 పరుగుల జరిమానా. ఉమ్ము తగిలిన బంతిని మళ్ళీ ఆట మొదలయ్యేలోపు అంపైరు శుభ్రం చేయాలి.

మన ఇళ్ళల్లో ఒక చిన్న విచిత్రం చూడండి. అన్నం గిన్నెలో నాకిన గరిటె పెడితే అమ్మ చేతి మీద వేస్తుంది, ఎంగిలి అని. ఒకరు కరిచిన జామకాయ ఇంకొకరు తినాలంటే చొక్కా అంచు చుట్టి కాకెంగిలి చేయాలి. అలాంటి మనమే, పదకొండుమంది వంతులవారీగా ఉమ్ము రాసిన బంతిని రోజంతా చేతులు మార్చుకుంటూ, అదే చేత్తో బిస్కెట్లు తిన్నాం. క్రికెట్ బంతికి ఎంగిలి లేదని ఎవరు చెప్పారో తెలియదు. వికెట్ పడ్డప్పుడల్లా, విరామం వచ్చినప్పుడల్లా ఆ బంతి చివరికి చేరేది అంపైరు చేతికే.

ఈ నియమం తొలి పరీక్ష ఇంగ్లండ్‌లో జరిగింది. 2020 జూలై 8న సౌతాంప్టన్‌లో వెస్టిండీస్‌తో టెస్టు మొదలైంది. మైదానానికి ఆనుకునే హోటలుంది, ఆటగాళ్ళూ అధికారులూ అందులోనే బస. బయటి ప్రపంచంతో తెంపు. రెండో టెస్టు మాంచెస్టర్‌లో. అక్కడ ఇంగ్లండ్ ఆటగాడు డామ్ సిబ్లీ అలవాటు కొద్దీ బంతికి ఉమ్ము రాశాడు, తనే వెళ్ళి చెప్పాడు. అంపైరు మైకేల్ గాఫ్ జేబులోంచి క్రిమినాశక గుడ్డ తీసి బంతి రుద్దుతున్న దృశ్యం టీవీలో అందరూ చూశారు. ఒక నిమిషం కూడా పట్టలేదు ఆ పని. కానీ అక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది, సమీక్షలన్నీ దాన్ని దాటేసి పోయాయి.

అంపైర్ల రక్షణ నియమాలు అని మనం పిలిచే వాటిలో రెండు జాతులున్నాయి. అంపైరును కాపాడేవి ఒక రకం: టోపీ ఇవ్వొద్దు, 6 అడుగులు ఆగు, రానంటే బలవంతం లేదు. అంపైరు చేత కాపలా కాయించేవి ఇంకో రకం: ఎవరు ఉమ్ము రాశారో చూడు, ఎన్నోసారో లెక్కపెట్టు, హెచ్చరించు, బంతి కడుగు. రెండో రకం నియమాలు అంపైరును వ్యాధికి ఇంకా దగ్గరగా తీసుకెళ్ళాయి. ఉమ్ము తగిలిన బంతిని ముట్టుకోకూడని మనుషుల్లో మొదటివాడు ఆయన కావాలి. నియమం ప్రకారం దాన్ని ముట్టుకుని తీరాల్సిన ఒకే ఒక్కడు ఆయన. ఆసుపత్రిలో వార్డుబాయ్ పరిస్థితి ఇదే కదా. కట్టుబాట్లు ఎంత పెరిగితే ఆ కట్టుబాట్లు మోసేవాడి చేతులు అంత మురికవుతాయి.

ఆ రోజుల్లో అందరి భయమూ తాకిడి మీదే. 2020 మార్చిలో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల వరకు బతికి ఉండొచ్చని చెప్పింది. మనం పాల ప్యాకెట్లు కడిగాం, కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాం, ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన సామాన్లు వాకిట్లో ఎండబెట్టి రెండు రోజుల తర్వాత ముట్టుకున్నాం. జూన్‌లో బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటులో క్రికెట్ బంతినే వ్యాధి వాహకమన్నట్టు మాట్లాడి, ఊరి క్రికెట్‌కు తలుపులు తెరవనన్నాడు. రెండున్నర వారాలకు, జూలై 11న, తెరవాల్సి వచ్చింది. తెరిచినప్పుడు పెట్టిన షరతుల్లో ఆరు ఓవర్లకో ఇరవై నిమిషాలకో ఒకసారి అందరూ చేతులు శుభ్రం చేసుకోవాలని, చెమట కూడా రాయకూడదని ఉంది.

2021 ఏప్రిల్‌కు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క మార్చింది. వస్తువుల్ని ముట్టుకోవడం వల్ల అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని చెప్పింది. గాలి ద్వారా వస్తుందని 239 మంది శాస్త్రవేత్తలు 2020 జూలైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాసి ఉన్నారు. ఈ వెలుగులో అంపైరు నియమాలు మళ్ళీ చదివితే బరువంతా తప్పు వైపు పడిందని తెలుస్తుంది. బంతి కడగడం, చేతి తొడుగులు, జాబితా కాగితం: వీటివల్ల ఒరిగింది కొంచెమే. ఆరు అడుగుల వాదన నియమం, మూసిన గదుల్లో కలిసి కూర్చోవద్దనడం, అంపైర్ల గదికి కిటికీలు తెరవడం: ఇవి అసలైనవి. మైదానం ఆరుబయట కదా, అక్కడ గాలి తనే సగం పని చేసింది. అంపైరుకు అసలు ప్రమాదం ఆట జరిగే చోట తక్కువ. నలుగురు ఒకే కారులో కిక్కిరిసి మైదానానికి వచ్చే దారిలో, మధ్యాహ్నం ఒకే గదిలో కలిసి తినే భోజనంలో ఎక్కువ. టోపీ నియమాన్ని ఇందాక మెచ్చుకున్నాను కదా. వైద్యంగా చూస్తే అది పెద్ద నియమం కాదు. మర్యాదగా చూస్తే పెద్దదే. అంపైరు దండెం కాదని మొదటిసారి ఒక కాగితం మీద పడింది. ఆ టోపీలు ఎటు పోయాయంటారా? 2020 ఐపీఎల్‌లో ఇయాన్ మోర్గాన్ ఒకదాని మీద ఒకటి రెండు టోపీలు పెట్టుకుని ఫీల్డింగ్ చేశాడు, గుర్తుందా?

ఇదే చోట ఈల గురించి కూడా చెప్పాలి. కబడ్డీలో ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు ఉంటారు. ఈల ఊదాలంటే ఊపిరి గట్టిగా వదలాలి, మాస్కు ఉంటే ఊదలేరు. నొక్కితే మోగే ఎలక్ట్రానిక్ ఈలలు కొన్ని దేశాల్లో బాస్కెట్‌బాల్ రెఫరీలు వాడారు. మన చెడుగుడుకు అంత హంగు ఎక్కడిది. కూత ఆపకుండా ఎదుటి జట్టు మీదికి వెళ్ళి ఏడుగురిని రాసుకుంటూ వచ్చే ఆటకు దూరం పాటించమని రాయడమే హాస్యం. ప్రో కబడ్డీ వాళ్ళు 2020లో ఆటే మానేశారు. 2021 డిసెంబరు 22న మళ్ళీ మొదలుపెట్టినప్పుడు బెంగళూరులో ఒకే చోట, ప్రేక్షకులు లేకుండా జరిపారు. నిజాయితీ గల నిర్ణయమంటే అదే.

ప్రయాణం తగ్గించడానికి క్రికెట్ పెట్టిన నియమం మాత్రం ఎవరూ ఊహించని ఫలితం ఇచ్చింది. టెస్టుల్లో 1994 నుంచి ఒక తటస్థ అంపైరు, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే. అంటే మన దేశంలో ఆడే టెస్టుకు మన అంపైరు నిలబడే అవకాశం పోయింది. విమానాలు ఆగిపోవడంతో 2020 జూన్‌లో ఆ పద్ధతి పక్కనపెట్టి స్థానిక అంపైర్లకు అనుమతి ఇచ్చారు. అనుభవం తక్కువ కావచ్చని ప్రతి జట్టుకూ ఇన్నింగ్స్‌కు ఒక రివ్యూ అదనంగా ఇచ్చారు. అదే నెలలో నితిన్ మేనన్ 36 ఏళ్ళకు ఐసీసీ ఎలైట్ ప్యానెల్‌లో చేరాడు. వెంకటరాఘవన్, సుందరం రవి తర్వాత ఆ గౌరవం దక్కిన మూడో భారతీయుడు. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ జట్టు వచ్చినప్పుడు చెన్నై మొదటి టెస్టులో అనిల్ చౌదరి, రెండో టెస్టులో వీరేందర్ శర్మ తొలిసారి టెస్టు అంపైర్లయ్యారు. ఆ సిరీస్‌లో టీవీ అంపైరుగా కూర్చున్నవాళ్ళలో మన హైదరాబాదు షంషుద్దీన్ ఒకరు. అహ్మదాబాద్ టెస్టులో టీవీ తీర్పులు మరీ తొందరగా ఇచ్చేస్తున్నారని ఇంగ్లండ్ వాళ్ళు రెఫరీ జవగళ్ శ్రీనాథ్ దగ్గరికి వెళ్ళారు కూడా. ఊరి అంపైరు మీద పక్కూరి జట్టుకు ఉండే అనుమానం అంతర్జాతీయ స్థాయిలో ఎలా ఉంటుందో అప్పుడు చూశాం. అయినా మొత్తం మీద మన అంపైర్లు బాగా నిలబడ్డారనే అందరూ అన్నారు. రోగానికి భయపడి తెచ్చిన నియమం వాళ్ళకు తలుపు తీసింది.

తలుపు తీసిన కాలమే గది తాళం కూడా వేసింది. బయో బబుల్ అన్న మాట అప్పుడే మన నోళ్ళలో పడింది. మా అవ్వకు వివరిస్తే, మడి కట్టుకోవడమేగా అంది. అంతే. కానీ మడి ఒక పూట, ఇది నెలల తరబడి. 2021 ఐపీఎల్ నడుస్తుండగా దేశం ఆక్సిజను కోసం అల్లాడుతోంది. ఇంట్లోవాళ్ళకు కోవిడ్ రావడంతో నితిన్ మేనన్ బబుల్ వదిలి వెళ్ళిపోయాడు. ఆస్ట్రేలియా అంపైరు పాల్ రైఫెల్ దోహా మీదుగా ఇల్లు చేరాలనుకుంటే ఆ దారిని ఆస్ట్రేలియా ప్రభుత్వమే మూసేసింది, ఉన్నచోటే ఉండిపోయాడు. మే 4న టోర్నీయే ఆగిపోయింది. అదే ఏడాది టీ20 ప్రపంచకప్‌లో బబుల్ దాటినందుకు ఒక అంపైరును ఆరు రోజులు విడిగా ఉంచి, తర్వాత మిగతా మ్యాచులకు కూడా దూరం పెట్టారు. ఆయన ఎవరో కాదు, మాంచెస్టర్‌లో బంతి తుడిచిన మైకేల్ గాఫే. కాపలాదారు కూడా మనిషే. అన్ని వారాలు హోటలు గదిలో ఉంచితే ఎవరికైనా గడప దాటాలనిపిస్తుంది. ఆటగాళ్ళ మనసు అలసట గురించి పత్రికలు పేజీలు నింపాయి. అంపైర్ల గురించి రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక డబ్బు. దీని దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే నియమాలన్నీ చివరికి ఇక్కడే ముడిపడతాయి. 2020 ఆగస్టులో బీసీసీఐ రాష్ట్ర సంఘాలకు పంపిన మార్గదర్శకాల్లో 60 ఏళ్ళు దాటిన అంపైర్లు, మైదాన సిబ్బంది, మధుమేహం లాంటివి ఉన్నవాళ్ళు శిబిరాలకు రాకుండా నిరుత్సాహపరచాలని ఉంది. జాగ్రత్త మంచిదే. కానీ నిరుత్సాహపరచడం అంటే ఏమిటి? రావొద్దంటే ఆ రోజు భత్యం ఎవరిస్తారు? మన అంపైర్లలో చాలామందికి అది ఉద్యోగం కాదు, రోజు లెక్కన వచ్చే రాబడి. ఆ సీజనులో రంజీ ట్రోఫీ జరగలేదు. 1934-35లో మొదలయ్యాక ప్రపంచ యుద్ధం కూడా ఆపలేని పోటీ అది. 2021 సెప్టెంబరులో బీసీసీఐ ఆటగాళ్ళకు పరిహారం ప్రకటించింది, 2019-20లో ఆడినవాళ్ళకు మ్యాచ్ ఫీజులో సగం అదనంగా. ఆ ప్రకటన ఆటగాళ్ళ గురించే. అమెరికాలో రానని చెప్పగలిగినవాడికీ, ఇక్కడ రావొద్దని చెప్పించుకున్నవాడికీ మధ్య ఉన్నది వ్యాధి తేడా కాదు, జీతం తేడా.

బోర్డు దిగువన రాష్ట్ర సంఘాలు, వాటి దిగువన జిల్లా, ఇంకా దిగువన మేం. ఆంధ్రా క్రికెట్ సంఘం 2020 అక్టోబరు చివర, నవంబరు మొదట్లో అనంతపురంలోని ఆర్డీటీ మైదానంలో ఆరు జట్లతో టీ20 పోటీ నడిపింది. దేశంలో చాలా సంఘాలు ఇంకా తలుపులు తీయని రోజులవి. ఒకే ప్రాంగణం, అక్కడే బస: సౌతాంప్టన్ పద్ధతికి రాయలసీమలో దొరికిన నకలు. మైదానం పక్కనే గదులున్న చోటు కావడం వల్ల అది కుదిరింది. కడపలో వైఎస్ రాజారెడ్డి స్టేడియం ఉంది, మంచి మైదానమే. కానీ జిల్లాలో మిగతా మైదానాలంటే హైస్కూలు ఆవరణలు, కోత అయిపోయిన శనగ చేలు.

కుందూ ఒడ్డున మా మండలం నేల నల్లరేగడి. వానపడితే అడుగు తీసి అడుగు వేయలేం, ఎండితే నెర్రెలు. అందుకే ఇక్కడ ఆట కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా. 2020 ఏప్రిల్ మొదట్లో జిల్లాలో తొలి కేసులు వచ్చినప్పుడే ప్రొద్దుటూరు పేరు వినబడింది. సంతలు, బంగారం అంగళ్ళు, బట్టల కొట్లు అన్నీ మూతపడ్డాయి, మాకు ఆట గుర్తే రాలేదు. సెప్టెంబరు 21 నుంచి వందమందికి మించకుండా క్రీడా కార్యక్రమాలు జరుపుకోవచ్చని కేంద్రం చెప్పింది. ఊళ్ళో టోర్నమెంటంటే జట్లే పదహారు. వందమంది లెక్క బ్యాటు పట్టక ముందే దాటిపోతుంది.

2021 సంక్రాంతికి మా వైపు ఒక చిన్న పోటీలో నేనూ రెండు రోజులు అంపైరుగా నిలబడ్డాను. నా దగ్గర ఐసీసీ మార్గదర్శకాల తెలుగు వార్త కత్తిరింపు ఉంది. మ్యాచ్ ముందు రెండు జట్ల కెప్టెన్లకూ చదివి వినిపించాను. బుద్ధిగా విన్నారు. మొదటి ఓవరుకే బౌలరు వచ్చి, "న్నా, ఇది పట్టుకో" అని టోపీ చాచాడు. "పట్టుకోకూడదబ్బీ, రూలు" అన్నాను. "ఏందన్నా, నా టోపీకి అంత రోగముందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖం చిన్నబోయింది. ఇక్కడ నాకు అర్థమైంది ఒకటి. ఐసీసీ కాగితం మీద ఆరోగ్య నియమంగా పుట్టింది మా చేలోకి వచ్చేసరికి అవమానంగా మారుతుంది. తాకకపోవడం అన్నదానికి మా నేల మీద వేరే చరిత్ర ఉంది, దాని గాయాలు ఇంకా మానలేదు. దూరం పాటించమని చెప్పే ఏ నియమమైనా ఆ చరిత్ర తెలిసి చెప్పాలి. చివరికి వికెట్ కీపరు వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి, "అందరి టోపీలూ దాని మీద, నాది కూడా" అని నా టోపీ ముందు పెట్టాను. అప్పుడు గొడవ పోయింది. రెండో రోజు కుర్చీ నిండా టోపీలు, సెల్‌ఫోన్లు. బంతి తగిలితే ఎన్ని పరుగులని కొత్త తగాదా ఒకటి మొదలైంది, అది వేరే సంగతి.

మాస్కు నేను రెండు ఓవర్లు వేసుకున్నాను. నోబాల్ అని అరిస్తే ఎవరికీ వినబడలేదు, గడ్డం కిందికి జారింది, మళ్ళీ పైకి రాలేదు. నిర్వాహకులు శానిటైజరు సీసా ఒకటి తెచ్చారు, అది బహుమతుల బల్ల మీద షీల్డు పక్కన నిలబడింది. మధ్యాహ్నం భోజనాలు బడి వరండాలో, అందరం ఒకే వరసలో. ఇందాక చెప్పిన శాస్త్రం ప్రకారం మేం జాగ్రత్తపడ్డ చోట ప్రమాదం తక్కువ, నిర్లక్ష్యంగా ఉన్న చోటే ఎక్కువ. అది మాకు అప్పుడు తెలియదు, తెలిసినా వడ్డించేవాళ్ళను కాదని పక్కకు పోయి తినేవాళ్ళం కాదు. ఆ మే నెలలో రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ పెట్టినప్పుడు, ఆ వరసలో కూర్చున్నవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశాను. అందరూ ఎత్తారు.

మరుసటి సంక్రాంతికి, 2022 జనవరిలో, రాష్ట్ర ప్రభుత్వం రాత్రి కర్ఫ్యూ ప్రకటించి, పండక్కి జనం ఊళ్ళకు వస్తున్నారని 18వ తేదీకి వాయిదా వేసింది. టోర్నమెంట్లు యథావిధిగా జరిగాయి. కుర్చీ ఎవరికీ గుర్తు లేదు.

సమీక్ష అన్నాక మిగిలిందేమిటో కూడా చూడాలి. ఉమ్ము నిషేధం 2022 అక్టోబరు 1 నుంచి శాశ్వత నియమమైంది. 2025 మార్చిలో ఐపీఎల్ మాత్రం దాన్ని ఎత్తేసింది. స్థానిక అంపైర్ల పద్ధతి కొందరికి పెద్ద మెట్టయింది. కానీ అన్నిటికంటే లోతుగా దిగిన మార్పు టెన్నిస్‌లో వచ్చింది. 2020 యూఎస్ ఓపెన్‌లో కోర్టు మీద మనుషుల సంఖ్య తగ్గించాలని, రెండు పెద్ద స్టేడియాల్లో తప్ప మిగతా అన్ని కోర్టుల్లో లైన్ జడ్జీలను తీసేసి కెమెరాలు పెట్టారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ అన్ని కోర్టుల్లోనూ అదే చేసింది. 2025లో వింబుల్డన్ కూడా. అమెరికా బేస్‌బాల్‌లో క్యాచర్ వీపు మీదికి వంగి నిలబడే ఆ అంపైరు తీర్పుల మీద యంత్రానికి అప్పీలు చేసుకునే పద్ధతిని 2026 సీజనుకు ఆమోదించారు. రక్షణ పేరిట మొదలైన ప్రతి నియమాన్నీ ఈ కొసన పెట్టి చూస్తే ఒక అనుమానం కలుగుతుంది. అధికారిని కాపాడటానికి అతి చవకైన దారి అధికారే లేకుండా చేయడమని ఎవరో లెక్క వేసినట్టుంది.

మా చేలకు కెమెరా రాదు కాబట్టి మాకా బెంగ లేదు. మొన్న సంక్రాంతికి మళ్ళీ నిలబడ్డాను. ఆ పిల్లవాడే, ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేశాడు, రన్నప్ గుర్తు పెట్టుకుంటూ టోపీ తీశాడు. ఒక క్షణం ఆగి నా వైపు చూశాడు. నేను చేయి చాచాను. టోపీ, కళ్ళద్దాలు, బండి తాళంచెవి, వెండి కడియం. ఆఖరుకు జేబులోంచి రెండు వేరుశనగ చిక్కీలు తీసి, "ఇవి నీకేన్నా" అన్నాడు.